సిగరెట్ అడిగిండు, జర్దా అడగలే

కేసముద్రంల పత్తి గింజల సేటు రాజమౌళి భార్య రాజమణి, హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకొని వచ్చింది. కడుపుల రాయి అని ఊరికి చెప్పింది. నిజానికి తీసేసింది ఏం లేదు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి జారిన రొమ్ములను పైకెత్తి కుట్టించుకున్నది. చూడవచ్చినోళ్లు బత్తాయిలు చేతుల పెట్టి, "రాయేదమ్మా, సీసల పెట్టి ఇయ్యలేదా?" అని అడిగిండ్రు. "పారేసిండ్రు" అన్నది. గంత ఖర్చు పెట్టి తీయించిన రాయిని ఎట్ల పారేస్తరని చూడవచ్చినోళ్లల్ల ఒకామె, ఓదెమ్మకు ఇప్పటికీ అనుమానమే.

కుట్లు మానలే. రొమ్ము కింద నిలువు కుట్టు, అడ్డం కుట్టు కలిసే కాడ రెండు దిక్కులా గాయం నోరు తెరిచింది. మూసుకోకపోతే మళ్ల కోసి కుట్టాలె అన్నడు డాక్టరు. మళ్ల పోతే ఊరికి ఇంకే రాయి చూపెట్టాలె?

ఈ ముచ్చట మొగనికి, పక్కింటి లతీఫా బేగానికి తప్ప ఎవలకు తెల్వదు. గాయం కడిగి పట్టీ మార్చేది లతీఫానే. ఆమె మొగడు బాబామియాది స్టేషన్ ముందట పాన్ డబ్బా.

రాజమౌళికి కారణం ఎన్నడో దొరికింది. "డాక్టరు ఆంధ్రోడు. మన నీళ్లు పాయె, నౌకర్లు పాయె, ఇగ మన కుట్లు గూడ పాయె" అనేటోడు. తెలంగాణ కోసం ఏసిన దీక్షా శిబిరంల మైకు పట్టుకొని అనలేక ఇంట్లనే అనేటోడు.

ఆపరేషన్‌కు ముందు ఆ డాక్టరు, "సిగరెట్ అలవాటు ఉందాండీ?" అని అడిగిండు. "నన్ను చూస్తే సిగరెట్ తాగేదాని లెక్క కనవడుతున్ననా?" అన్నది రాజమణి. బయటికొచ్చి, కోపం చల్లారేదాక బాబామియా కట్టిచ్చిన జర్దా పాన్ నమిలింది.

గంతల సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, రైళ్లు లేవు. రాజమౌళి జెండా పట్టుకొని బజార్ల తిరిగి షట్టర్లు దింపించిండు, బాబామియా డబ్బాతో సహా. తన దుకాణం వెనక తలుపు మాత్రం సమ్మెల చేరలే.

దినాం పాన్ నమిలే రాజమణికి జర్దా లేక నాలుక పీకుడు మొదలైంది.

"లతీఫా, ఇంట్ల జర జర్దా లేదా?"

"ఉన్నది అక్కా. ఇస్తే మీ సేటు మమ్ముల ఉద్యమ ద్రోహులంటడు."

రాజమణి తిట్టుకుంటనే ఊకున్నది. సమ్మె సాగంగ సాగంగ లతీఫా ఒకనాడు పట్టీ విప్పి, "అక్కా, అంచులు ఎర్రగైనయ్. దగ్గరికి వస్తున్నయ్" అన్నది. ఇంకొన్నాళ్లకు గాయం మూసుకున్నది.

డాక్టరుకు ఫోన్ చేస్తే, "మందు మార్చారాండీ?" అన్నడు.

"ఏ మందు? పాన్ డబ్బా బందైంది, అంతే."

"జర్దా వేసుకునేవారా? అదీ పొగాకేనమ్మా, రక్తనాళాలు సన్నబడతాయి. రక్తం సరిగా అందకపోతే గాయం ఎలా మానుతుంది? నేను ముందే అడిగాను కదా."

"మీరు సిగరెట్ అడిగిండ్రు."



సమ్మె విరమించినంక రాజమౌళి ఖుషీగ ఇంటికొచ్చిండు. "మన తెలంగాణ గాలికే మానింది, చూసినవా? ఆంధ్రోని కుట్లతోని అయ్యేదా?" అనుకుంట బాబామియా కట్టిన మొదటి పాన్ భార్య చేతుల పెట్టిండు.

రాజమణి దాన్ని వాసన చూసింది. కండ్లు మూసుకున్నది. తర్వాత మొగని దవడ పట్టి, పాన్ అతని నోట్లనే కుక్కింది.

"నములు. నోరు ఖాళీగుంటె మళ్ల గదే మాట అంటవ్."