ఒకటి తర్వాత నాలుగు

తిరువళ్ళూరులో కొత్త కారు కొన్నవాళ్ళు మొట్టమొదట ఫోన్ చేసేది డ్రైవింగ్ స్కూల్ వెంకటపతికి. తిరుత్తణి కొండమీద పూజ అయ్యాక, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెడితే, వాటిమీదుగా బండిని ముందుకు పోనిచ్చేది ఆయనే. బండి ఆగకూడదు, అదరకూడదు, కాయలు నాలుగూ ఒక్క ఊపులో చిట్లాలి. వెంకటపతిది కైరాసి, అంటే చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు. ఆయన చెయ్యి పడిన బండికి గీత కూడా పడదంటారు. గీతలేమిటి, సొట్టలు పడ్డ బండ్లూ ఉన్నాయి, కానీ ఆ సంగతి ఆయన దగ్గర ఎవరూ ఎత్తరు.

అలాంటివాడి ఇంట్లోనే బండి కొంటే నిమ్మకాయలు ఎవరు తొక్కించాలన్న ప్రశ్నే రాకూడదు. వచ్చింది. కూతురు జనని అంబత్తూరులో ఉద్యోగం చేస్తూ కూడబెట్టుకుని, ఎవరో విదేశం నుంచి తెచ్చుకుని కొన్నాళ్ళు వాడి అమ్మేసిన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. నేలకు ఆనుకుని పాకే బండి, రెండే తలుపులు, గేర్లు మాత్రం చేత్తో వేసుకునేవే. నా బండి కాయలమీదికి నేనే ఎక్కిస్తానంది జనని. వెంకటపతికి తల కొట్టేసినట్టయింది. కాదంటే కూతురు ముఖం చిన్నబోతుంది, సరేనంటే ఊళ్ళో తన ముఖం. చివరికి ఒక షరతు పెట్టాడు. ఇంటినుంచి కొండ దాకా ఒక్క గేరు కూడా తప్పు పడకుండా నడిపితే ఆమే ఎక్కించుకోవచ్చు, తప్పితే తాళం ఆయన చేతికి. నాలుగేళ్ళుగా ఆఫీసుకు కారులో పోయివస్తున్న పిల్ల, నవ్వుతూ ఒప్పుకుంది.

ఆ నవ్వు తిరుపాచూరు దాకానే నిలిచింది. అక్కడ స్పీడ్ బ్రేకర్ దాటి ఒకటో గేరులోంచి రెండుకు లాగగానే బండి మూలుగుతూ వణికింది. వెంకటపతి వంగి చూశాడు. గేరు నాలుగులో ఉంది. సెకండు వేయమ్మా అన్నాడు. సెకండుకే లాగానని, అదే పోయి నాలుగులో పడిందని జనని అంది.

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ మాట ఆయన ఎంతమంది నోట వినలేదు గనక. గేరు దానంతట అదే పడింది, బ్రేకు దానంతట అదే జారింది, గోడే ఎదురొచ్చింది. ఎవరు చెప్పినా ఆయన ముఖం ఒకేలా పెట్టి వింటాడు. కూతురి ముందూ అదే ముఖం పెట్టాడు. వెనక సీటులో కొబ్బరికాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకున్న భార్య మునిలక్ష్మి, ఇద్దరూ నోరు మూసుకుంటే కొండ త్వరగా వస్తుందని సణిగింది.

కొంతదూరం పోయాక మళ్ళీ అదే తంతు. ఆ తర్వాత చెరకు ట్రాక్టరు వెనక మళ్ళీ అదే. వెంకటపతి కాళ్ళు ఊరుకోవడం లేదు. స్కూలు కారులో ఆయన కూర్చునే ఎడమవైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి, శిష్యుడు తడబడితే ఆయనే తొక్కేస్తాడు. ఇక్కడ ఆ పాదాల కింద ఖాళీ. తొక్కడానికేమీ లేక నోటికి పని చెప్పాడు. మెత్తగా తొక్కు, మెత్తగా వదులు, అరచేత్తో లాగు. జనని పళ్ళు బిగించి అన్నీ ఆయన చెప్పినట్టే చేసింది. ఎంత మెత్తగా చేస్తే అంత ఖచ్చితంగా గేరు పోయి నాలుగులో కూర్చుంటోంది.

"నేను ఒక్కదాన్నే నడిపినప్పుడు ఇట్లా రాలేదు నాయనా. నువ్వు పక్కన కూచుంటేనే వస్తా ఉంది" అంది చివరికి.

వెంకటపతికి ఒళ్ళు మండింది. కనకమ్మ సత్రం కూడలిలో బండి ఆపించాడు. షరతు ముగిసిందని చెప్పి, దిగి ఇటు రమ్మన్నాడు. జనని దిగి, తలుపు గట్టిగా వేసి, ఎడమవైపు వచ్చి కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం ఆయన చూశాడు. చూసి కూడా, గేరు ఎలా వేస్తారో ఇప్పుడు చూడు అన్నాడు.

టీకొట్టు ముందు లారీ ఆపుకుని ఉన్న ఎలుమలై లేచి వణక్కం పెట్టాడు. వెంకటపతి దగ్గర స్టీరింగ్ పట్టడం నేర్చినవాడు. గురువుగారు పాఠం చెప్పినట్టే కదిలించారు. ఒకటి వేసి, కాలు పూవు మీద పెట్టినట్టు పెట్టి, క్లచ్చు తొక్కి రెండుకు లాగారు. గేరు పోయి నాలుగులో పడింది. బండి గుడగుడమంది. ఎదురుగా మేక అడ్డం వచ్చి బ్రేకు వేసేసరికి ఆగే పోయింది. మళ్ళీ కదిలించాడు. మళ్ళీ నాలుగు. ఈసారి లీవరును ఎడమవైపు నొక్కిపట్టి లాగాడు. ఏదో లోపల అడ్డం పడుతోంది, గోడకు తగిలినట్టు చేతికి తెలుస్తోంది. ఎలుమలై టీ గ్లాసు పట్టుకుని పక్కకే వచ్చి, సెకండు పడటం లేదా మాస్టర్ అని వినయంగా అడిగాడు. ఆ వినయమే వెంకటపతికి ఎక్కువ కాలింది.

బండి మోసం, గేరుబాక్సు పోయింది, అమ్మినవాడెవడో నీ నెత్తిన చెయ్యి పెట్టాడు అని కూతురి మీద విరుచుకుపడ్డాడు. జనని అప్పటికే ఫోనులో వెతుకుతోంది. దొరికింది. ఇలాంటి బండి నడిపేవాళ్ళంతా దీన్ని తిట్టిపోస్తున్నారు. పెట్రోలు ఆదా చేయాలని కంపెనీవాళ్ళే పెట్టిన ఏర్పాటట. ఇంజను వేడెక్కాక, ఒకటో గేరులో యాక్సిలరేటరు మెత్తగా తొక్కితే, లోపల ఒక చిన్న మేకు రెండోగేరు దారి మూసేసి నాలుగులోకి తోస్తుంది. గట్టిగా తొక్కేవాళ్ళ జోలికి పోదు.

"అంటే మెత్తగా నడిపేవాళ్ళకే శిక్షనా?" అన్నాడు వెంకటపతి.

"ఆ. నువ్వు నేర్పినట్టు నడిపేవాళ్ళకి."

నాకు గేరు చెప్పడానికి వీడెవడు అని ఆయన రోడ్డు మీదే కేకలేశాడు. బండి నడిపేది మనిషా, కంపెనీవాడా. పక్కన కూర్చుని చేతిలో గేరు లాక్కునేవాడితో ఎవరైనా ఎలా వేగుతారు. ఆ మాటకు మునిలక్ష్మి వెనకనుంచి మొగుణ్ణి ఒకసారి, కూతుర్ని ఒకసారి చూసింది. ఆయన గొంతు దానంతట అదే తగ్గింది.

ఆ మేకుకు పోయే కరెంటు తీగ ఊడదీస్తే చాలని, మీటర్ల మధ్య ఒక హెచ్చరిక లైటు వెలుగుతుందిగానీ బండికి నష్టం లేదని జనని చదివి చెప్పింది. రోడ్డు పక్కనే ధర్మలింగం లారీ షెడ్డులో, బండి అడుగున పనిచేయడానికి తవ్విన గుంత ఉంది. బండిని తోసి దానిమీద నిలిపారు. వెంకటపతి మోకాళ్ళకు గుంతలో దిగడం పడదు. జనని పూజకని కట్టుకున్న కొత్త చీర కొంగు బిగించి తానే దిగింది. ఆయన పైన బోర్లా పడుకుని టార్చి పట్టాడు. ఎడమపక్క చూడు, అది కాదు, ఆ పైది, లాగొద్దు, ముందు క్లిప్పు నొక్కు అంటూ మొదలుపెట్టాడు. కిందనుంచి జనని తల ఎత్తింది. బుగ్గమీద గ్రీజు.

"నాయనా, నువ్వు లైటు మాత్రం పట్టుకో."

పట్టుకున్నాడు. ఒక్క మాటా మాట్లాడకుండా టార్చి పట్టుకోవడం ఇంత కష్టమని ఆయనకు అంతకుముందు తెలియదు. తీగ ఊడింది. దుమ్ము పోకుండా దాని మూతికి టేపు చుట్టి ఆమె పైకి వచ్చింది. వెంకటపతి తాళం ఆమెకే ఇచ్చి ఎడమ సీటులో కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి ఒకటి తర్వాత రెండు, రెండు తర్వాత మూడు, ఎంత మెత్తగా లాగితే అంత మెత్తగా పడ్డాయి. కొండ మలుపుల్లో ఆయన సెకండు అనబోయి నోరు తెరిచేలోపే ఆమె సెకండులో ఉంది. పాదాలు రెండూ సీటు కిందికి లాక్కుని కూర్చున్నాడు.

పైన పూజ అయింది. నిమ్మకాయలు పెట్టిన మనిషి అలవాటుగా, ఎక్కండి మాస్టర్ అన్నాడు. జనని తానే తాళం అందించబోయింది. దారిలో గేరు తప్పింది గదా, మాట మాటే అంది. అలకో రోషమో, రెండూనో.

వెంకటపతి తాళం తీసుకోలేదు. "తప్పు నీది కాదు పాపా. తిరుపాచూరు దగ్గరే నువ్వు చెప్తివి, నేను నమ్మలేదు. ఎవడో ముక్కూముఖం తెలీనోడు ఫోన్లో రాస్తే నమ్మినాను, నువ్వు చెప్తే నమ్మలేదు. నాకే సిగ్గుగా ఉంది. ఎక్కు."

ఆమె ఎక్కింది. బండి ఆగలేదు, అదరలేదు. కాయలు నాలుగూ ఒక్కసారే చిట్లాయి.

వెనక వరసలో కొత్త వ్యాను పెట్టుకుని నిలబడిన ఆరణి ఊరి మనిషి అది చూసి ముచ్చటపడి, తాళం పట్టుకుని వచ్చాడు. వెంకటపతి అలవాటుగా చెయ్యి చాచాడు. ఆ మనిషి ఆయన పక్కనుంచి పోయి, అక్కా, మా బండి కూడా మీరే ఎక్కించండి, చెయ్యి బాగుంది అన్నాడు.

చాచిన చెయ్యి ఏం చేయాలో వెంకటపతికి తోచలేదు. దాన్ని అలాగే ముందుకు పోనిచ్చి, కూతురి బుగ్గమీది గ్రీజు తుడిచాడు. అది పోలేదు, ఇంకాస్త అలుముకుంది. పోనీలే, పోయి ఎక్కించు, ఆ మనిషి కాచుకుని ఉన్నాడు అన్నాడు.