వంటింటి గుమ్మం మీద గీతలు

కార్వర్ క్రీక్‌లో స్కూలు బస్సు నడిపే డోరీన్ పావ్లిక్ పొద్దున్న ఐదున్నరకల్లా గరాజులో ఉంటుంది. అద్దం మీద మంచు గీకుతుంది, ఇంజను వేడెక్కేదాకా ఫ్లాస్కులో కాఫీ తాగుతుంది, సీటు ఇంకాస్త ముందుకి జరుగుతుందేమోనని ఓసారి లాగి చూస్తుంది. జరగదు. నాలుగేళ్ళ కిందటే అది ఆఖరి గాడిలోకి వచ్చేసింది. అక్కణ్ణించి కుడికాలు పూర్తిగా చాపితే బూటు కొస బ్రేకుని అందుకుంటుంది. ఇంకో అంగుళం దూరమైతే అందదు.

పెళ్ళినాటికి డోరీన్ ఐదడుగుల నాలుగంగుళాలు. ఇప్పుడు సరిగ్గా ఐదడుగులు. నాలుగు అధ్యక్ష ఎన్నికలు, నాలుగంగుళాలు. పెన్సిల్వేనియాలో ఆ కొండల మధ్య ఎవర్నడిగినా ఇలాగే చెబుతారు. ఇద్దర్లో ఎవడూ నచ్చక, వాడికన్నా వీడు నయమనుకుని ఓటేసి వచ్చిన మనిషి మర్నాడు లేచేసరికి అంగుళం తగ్గి ఉంటాడు. మనసారా నమ్మి వేసినవాళ్ళకి ఏమీ కాదు. డోరీన్ వాళ్ళ నాన్నయితే ఒకసారి అరంగుళం పెరిగాడు కూడా. పాంట్లన్నీ పొట్టైపోయాయని చచ్చేదాకా గొప్పగా చెప్పుకున్నాడు. ఇప్పుడలా నమ్మేవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు గనక! ఇంట్లో కూచున్నవాళ్ళు ఎలాగూ తగ్గరు. గరాజు చూసుకునే గస్ ప్రతిసారీ వెళ్ళి ఓటు కాగితం మీద ఖాళీ గడిలో తన కుక్క పేరు రాసి వస్తాడు. అందుకే గస్ ఇప్పటికీ ఆరడుగులున్నాడు.

ఎన్నికలైన వారం ట్రూడీ కుట్టుషాపు ముందు జనం వరసకడతారు. ట్రూడీ డోరీన్‌కి ఆడపడుచు, అంటే డోరీన్ మొగుడు వేన్‌కి సొంత అక్క. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వచ్చినవాళ్ళ పాంట్ల అంచులు మడిచి కుడుతుంది. "ఎంత?" "అంగుళం." "శుక్రవారం రా." ఇంతకుమించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడ్డానికేముంది?

ఈసారి మాత్రం డోరీన్‌కి నిద్ర పట్టడంలేదు.

పదవిలో ఉన్నాయన నాలుగేళ్ళ కిందట, మూతబడ్డ పైపుల మిల్లు గేటు ముందు హెల్మెట్ పెట్టుకుని నిలబడి, మళ్ళీ పొగ లేపుతానని మాటిచ్చాడు. ఆర్నెల్లకి మిషన్లన్నీ పాత ఇనుము కింద లారీలెక్కాయి. ఆయన పంపిన యుద్ధంలోనే ట్రూడీ మనవడు కాలు పోగొట్టుకొచ్చాడు. పోటీకొచ్చిన కొత్తాయన అంతకన్నా ఘనుడు. మిల్లు దుమ్ముకి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకి సర్కారిచ్చే భత్యం దండగన్నాడు. గద్దెనెక్కిన మొదటి నెలలోనే ఎత్తేస్తానన్నాడు. ఆ మాటంటూ నవ్వాడు కూడా, పాపిష్టివాడు!

వేన్ పావ్లిక్ ఆ భత్యం మీదే ఊపిరి తీస్తున్నాడు. ముప్ఫయ్యేళ్ళు మిల్లులో చేశాడు. ఇప్పుడు హాల్లో పడక కుర్చీలో కూచుంటే పక్కన ఆక్సిజను మిషను రాత్రీ పగలూ గుర్రుమంటూ ఉంటుంది. ముక్కుకి గొట్టం. ఆరు ఎన్నికల్లో ఆరంగుళాలు తగ్గాడు, పాదాలు నేలకానవు. "ఇంకో రెండు ఎన్నికలు బతికితే... ఈ కుర్చీలో... నాకు ఉయ్యాల కట్టొచ్చే," అని నవ్వి, నవ్వినందుకు పది నిమిషాలు దగ్గుతాడు.

అక్టోబరులోనే వేన్ పోస్టులో తన ఓటు పంపేశాడు, భత్యం తియ్యననే పాతాయనకే. మర్నాడు ఏడో అంగుళం పోయింది. ఈసారి అది ఛాతీలోంచే పోయినట్టుంది, మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి తీసుకోవాల్సొస్తోంది.

"నా వంతు... నేనిచ్చేశా," అన్నాడు. "నువ్వు కూడా... వేస్తావుగా, డోరీ?"

"వేస్తాన్లే. అదేం ప్రశ్న?"

"పోయినసారి రాష్ట్రం మొత్తమ్మీద... తొమ్మిదొందల ఓట్లే తేడా."

"వేస్తానన్నాగా వేన్!"

భయంతో అడుగుతున్నాడని ఆవిడకి తెలుసు. భత్యం పోతే మిషను పోతుంది. ఓటేస్తే అంగుళం పోతుంది. అంగుళం పోతే బ్రేకు అందదు, బ్రేకు అందకపోతే బస్సు పోతుంది, బస్సు పోతే వేన్ డాక్టర్లనీ మందుల్నీ చూసుకునే బీమా పోతుంది. ఎటు తిరిగినా ఆ మనిషి పీకమీదికే వస్తోంది. ఏటా నవంబరులో గస్ పరీక్ష పెడతాడు. డ్రైవరు వీపుకీ సీటుకీ మధ్య న్యూస్‌పేపరు పెట్టి బ్రేకు తొక్కమంటాడు. బ్రేకు పూర్తిగా అణగాలి, పేపరు జారకూడదు. పెడలుకి చెక్కముక్క కట్టుకోనివ్వరు.

ఒక దారుంది కదా అనుకుంది డోరీన్. నమ్మి వేస్తే తగ్గరు. అయితే నమ్మేద్దాం! నెలంతా పాతాయన్ని ప్రేమించడానికి ప్రయత్నించింది. ఆయన ప్రసంగాలన్నీ కూచుని విన్నది. పెళ్ళాం చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, మంచి మొగుడే అని తనకి తాను చెప్పుకుంది. ఫ్రిజ్ మీద ఆయన ఫోటో అంటించి, గుడ్లు వేయించుకుంటూ దానివైపు చూసి నవ్వేది. ఓ పొద్దున నిజంగానే కాస్త ఇష్టం పుట్టినట్టనిపించింది. అంతలో టీవీలో ఆయన అదే హెల్మెట్ పెట్టుకుని ఇంకో ఊరి మిల్లు గేటు ముందు నిలబడి, అవే మాటలు, అదే చోట గొంతు వణికించి మరీ చెప్పాడు. డోరీన్ పెనం అలాగే వదిలేసి బాత్రూంలోకెళ్ళి ఏడ్చింది.

ఎన్నికల రోజున బస్సు ట్రిప్పయ్యాక చర్చి నేలమాళిగలో పోలింగుకి వెళ్ళింది. ఓ మూల చర్చి ఆడవాళ్ళు ఆలుగడ్డ కూరిన పియరోగీ కుడుములు ఉడికిస్తున్నారు, ఉల్లిపాయలు వెన్నలో వేగుతున్న వాసన. కాగితం తీసుకుని అట్టముక్కల చాటుకి వెళ్ళింది. రాష్ట్ర ఆడిటరుకి వేసింది. శాసనసభకి వేసింది, వాటికి ఎవరూ తగ్గరు. పైన ఆ రెండు పేర్ల దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. నా ఒక్కదాని ఓటుకి రాష్ట్రం తలకిందులైపోతుందా అనుకుంది. బస్సు మాత్రం పోతుంది, అది ఖాయం. పాతాయన పేరు పక్క గడి మీద పెన్ను ఆనించింది. ఓ చిన్న చుక్క పడింది. గడి నిండా దిద్దకపోతే ఓట్ల మిషను లెక్కపెట్టదు. అంతే, ఆ కాగితం అలాగే మిషన్లో పెట్టేసి, నేను ఓటేశాను అనే స్టిక్కరు కోటుకి అంటించుకుని ఇంటికొచ్చింది.

వేన్ ఆ స్టిక్కరు చూసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "బతికించావే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నకి తేలిపోయింది. పాతాయన ఓడిపోయాడు. దేశమంతా చివరికి ఈ రాష్ట్రం మీదే ఆగింది, ఇక్కడ ఆరువందల చిల్లర ఓట్ల తేడా.

సాయంత్రం డోరీన్ ఇంటికొచ్చేసరికి వేన్ వంటింటి గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో పెన్సిలు. ఆ గుమ్మం మీద ఇద్దరి గీతలూ ఉన్నాయి. ప్రతి ఎన్నిక మర్నాడూ ఒకరికొకరు కొలిచి, పక్కన సంవత్సరమూ పేరులో మొదటి అక్షరమూ రాసుకోవడం వాళ్ళ ఇంటి అలవాటు. ఈసారి వేన్‌ది అక్టోబరులోనే గీసేశారు.

"ఇవాళొద్దు వేన్, వెళ్ళి కూచో."

"మానేస్తే ఎలాగే? రా."

డోరీన్ గదిలోకెళ్ళి పొడుగాటి నైట్‌గౌను వేసుకొచ్చింది. గుమ్మానికి వీపానించి నిలబడి, గౌను లోపల మోకాళ్ళు వంచింది. ఎంత వంచితే అంగుళం అవుతుందో బస్సులో వస్తూ లెక్కేసుకుంది. వేన్ పీట మీదెక్కి, ఆవిడ నెత్తిన వంటల పుస్తకం పెట్టాడు. పెన్సిలు చెక్క మీద గరగరమంది. ఆయన ఊపిరి ఆవిడ జుట్టుకి తగులుతోంది.

"అంగుళం తగ్గావే," అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగేలోపే ఆయన హార్డ్‌వేర్ షాపు క్యాలెండరు తెచ్చి ఆ గీతల మీద మేకుకి తగిలించేశాడు. "వద్దులే... చూస్తే దిగులు," అన్నాడు. డోరీన్‌కి ఎంత హాయనిపించిందో! చూసే ధైర్యం ఆవిడకి మాత్రం ఎక్కడుంది?

తగ్గిన మనిషి పాంట్లు కత్తిరించుకోకపోతే అనుమానం రాదూ? శుక్రవారం ట్రూడీ షాపుకెళ్ళి కొలతలు తీసే బల్ల మీదెక్కి నిలబడింది. ట్రూడీ కింద కూచుని టేపు పట్టింది. మళ్ళీ పట్టింది.

"మోకాళ్ళు తిన్నగా పెట్టమ్మా, కొలత రావట్లేదు."

"తిన్నగానే ఉన్నాయి వదినా."

ట్రూడీ తలెత్తి చూసింది. నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. "ఈ వారంలో ఈ బల్ల మీద మోకాళ్ళు వంచి నిలబడ్డవాళ్ళలో నువ్వు పంతొమ్మిదోదానివి," అంది. "అందరూ ఇదే మాట. తిన్నగానే ఉన్నాయిట. నా ఒక్క షాపులోనే పంతొమ్మిది మంది. రాష్ట్రంలో ఇలాంటి షాపులు ఎన్నున్నాయో!"

డోరీన్ పాంటు అంచు కిందికి లాక్కుంది.

"వాడు నా తమ్ముడే," అంది ట్రూడీ.

"నాకు మొగుడు కాదా వదినా? బస్సు పోతే రేపు ఆయనకి మందులెవరిస్తారు? నువ్విస్తావా?"

ట్రూడీ టేపు చుట్టేసింది. తర్వాత ఆ పాంట్లు తీసుకుని నిజంగానే అంగుళం మడిచి కుట్టేసింది. "నేను వాడికి చెప్పన్లే. నువ్వు కూడా వాడి ముందు తిరిగేటప్పుడు జాగ్రత్త," అంది. ఆ మాట తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

సోమవారం గస్ వీపు వెనక పేపరు పెట్టాడు. డోరీన్ తొక్కింది. పెడలు నేలదాకా అణిగింది, పేపరు జారలేదు. పొట్టి పాంటు కింద బయటికొచ్చిన చీలమండల వైపు గస్ ఓసారి చూశాడు, కాగితం మీద సంతకం పెట్టేశాడు.

ఆ చలికాలమంతా డోరీన్ గరాజులో నిటారుగానూ, ఇంట్లో మోకాళ్ళు వంచుకునీ బతికింది. పొయ్యి దగ్గర వంచుకుని, అంట్లు తోముతూ వంచుకుని. పై అరలో డబ్బా అందేదే అయినా అందనట్టు పీట వేసుకుని తీసేది. రాత్రికి తొడలు మండిపోయేవి. వేన్ మాత్రం ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే చాలు, "కూర్చో డోరీ, ఇలా వచ్చి కూర్చో," అనడం మొదలుపెట్టాడు. వంట మధ్యలో పిలిచేవాడు. పని ఉందన్నా వినేవాడు కాదు. పాపం, ఒంటరిగా ఉండి ఉండి ఇలా అయ్యాడనుకునేది. పక్కన కూచుంటే ఏమీ మాట్లాడేవాడు కాదు, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుని టీవీ చూసేవాడు.

కొత్తాయన మాట తప్పే రకం కాదు. అన్నట్టే మొదటి నెలలో భత్యం ఎత్తేశాడు. ఫిబ్రవరిలో ఇద్దరు మనుషులొచ్చి, మర్యాదగానే, బూట్లు తుడుచుకుని లోపలికొచ్చి మిషను పట్టుకుపోయారు. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. బస్సు ఉద్యోగపు బీమా మీద చిన్న సిలిండర్లు వచ్చేవి, వారానికి నాలుగు. వేన్ వాటిని పొదుపుగా వాడుకున్నాడు. డోరీన్ బస్సులో ఉన్నంతసేపూ కట్టేసి కూచుని, ఆవిడ కారు చప్పుడు వినగానే తిప్పుకునేవాడని తర్వాత పక్కింటావిడ చెప్పింది. ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం, ఆవిడ పిల్లల్ని దింపుతుండగా పోయాడు.

ఇరుగుపొరుగు ఓవెన్‌లో కాల్చిన నూడుల్సు గిన్నెలు తెచ్చి వంటింటి బల్లంతా నింపేశారు. ట్రూడీ తమ్ముడి పెళ్ళి సూటు తీసుకుని వచ్చింది. ఎన్నాళ్ళ కిందటి సూటో, ఇప్పుడు వేస్తే పాదాలు కూడా కనపడవు.

"వీడి ఆఖరి కొలత ఎంతుంది?" అంది.

"గుమ్మం మీద ఉంటుంది వదినా. ఆ క్యాలెండరు తియ్యి."

ట్రూడీ క్యాలెండరు తీసింది. టేపు పట్టి తమ్ముడి గీత కొలిచింది, చేతి మీద రాసుకుంది. రాసుకుని అక్కణ్ణించి కదల్లేదు. కళ్ళజోడు సర్దుకుని ఇంకా దగ్గరికి వంగింది.

"డోరీ, ఇటు రా."

"ఏంటి?"

"నీ గీత. ఈ సంవత్సరానిది."

డోరీన్ వచ్చి చూసింది. కొత్త సంవత్సరం, తన పేరులో అక్షరం, వేన్ వణుకుడు రాత. కానీ కింద వేరే గీత లేదు. నాలుగేళ్ళ నాటి గీత మీదే, దాన్నే మళ్ళీ దిద్దాడు. ఒకే గీత పక్కన రెండు సంవత్సరాలు రాసి ఉన్నాయి.

"నేను చెప్పలేదే. ఒట్టు," అంది ట్రూడీ.

"అంగుళం తగ్గావన్నాడు వదినా. నా నెత్తిన పుస్తకం పెట్టి, నోటితో చెప్పాడు."

"వాడికి ఆ రోజే తెలిసింది. గౌనులోంచి పొడుచుకొచ్చిన మోకాళ్ళు పీట మీంచి కనపడవా?"

డోరీన్ గుమ్మానికి వీపానించి నిలబడింది. అయిదు నెలల తర్వాత ఆ ఇంట్లో మొదటిసారి మోకాళ్ళు చాపింది. తల వెనక గీత ఎక్కడుందో చూడక్కర్లేకపోయింది. అలా నిలబడి ఉండగా వేన్ గొంతు గుర్తొచ్చింది. కూర్చో డోరీ, ఇలా వచ్చి కూర్చో. చలికాలమంతా, ఊపిరి అందని మనిషి, ఉన్న కాస్త గాలీ ఆ మాటకి ఖర్చు పెట్టాడు. ఒంటరితనం కాదు, ఆవిడ మోకాళ్ళు నొప్పెడతాయని. డోరీన్ గుమ్మం పట్టుకుని కిందికి జారిపోయి గొంతెత్తి ఏడ్చింది. ట్రూడీ సూటు పక్కన పడేసి వచ్చి ఆవిడ పక్కనే నేలమీద కూచుంది.

సోమవారం డోరీన్ మళ్ళీ బస్సెక్కింది. పాంట్లు ఇంకా ఆ పొట్టివే, చీలమండలకి చలి కొడుతోంది. మిల్లు రోడ్డు మలుపులో పొగమంచులోంచి జింక ఒకటి అడ్డంగా దూకింది. వెనక ముప్ఫై ఒక్కమంది పిల్లలు కెవ్వుమన్నారు. కాలు పూర్తిగా చాపి తొక్కింది.

బ్రేకు అందింది. బస్సు ఆగింది.