గొట్టంలో లేని మనిషి

జ్వరం, దగ్గుతో వచ్చేవాళ్ళలో ప్రతి సోమవారం మొదటి ఐదుగురి ముక్కులో దూది పుల్ల తిప్పి, దాన్ని గొట్టంలో వేసి ల్యాబుకి పంపాలి. తిరుగుతున్నది పాత ఫ్లూయేనా, కొత్త వైరస్ ఏదైనా దూరిందా అన్నది అక్కడ తేలుస్తారు. మా ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా ఆ పుల్ల తిప్పే నర్సుని నేనే.

ఆ సోమవారం ఐదోవాడు కోళ్ళ ఫారం నడిపే మా అన్న. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"కోళ్ళేమైనా చచ్చాయా అన్నా?"

"చచ్చినవి నాలుగే. నువ్వు ఆ పుల్ల పెట్టి, నాకొచ్చింది కోళ్ళ జబ్బేనని తేలిందంటే మిగతా ఎనిమిది వందలూ చస్తాయి. గొయ్యి తవ్వి మరీ పూడుస్తారు."

"మందుకొచ్చావా, బేరానికొచ్చావా?"

"చెల్లెలివని వచ్చాను. నా పొట్టే కొడతావటే?"

కొత్త పుల్ల తీసి, ఎవరి ముక్కుకీ తాకించకుండా గొట్టంలో ముంచి, మూత బిగించి, అన్న వివరాలు రాసి అంటించాను. ఏమీ లేదని వస్తుంది, పీడా పోతుంది అనుకున్నాను.

బుధవారం ల్యాబతను ఫోన్ చేశాడు.

"సిస్టర్, మీ ఐదో గొట్టంలో మనిషి లేడు."

"అంటే?"

"వైరస్ ఉన్నా లేకున్నా పుల్లకి మనిషి కణాలు అంటుకోవాలిగా. అవీ చూస్తాం. ఇందులో లేవు. జ్వరం గాలికొచ్చిందా ఏంటి?" నవ్వాడు. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది లెండి. మళ్ళీ తీసి పంపండి."

పొరపాటన్నాడు చూడండి, నేను కావాలని చేసినదాన్ని.

మాస్కు, తొడుగులు వేసుకుని అన్న ఇంటికి వెళ్ళాను. షెడ్డు ముందు చచ్చిన కోళ్ళు కుప్పగా ఉన్నాయి. వదిన పలకరించబోయి దగ్గింది. దగ్గు ఆగలేదు.

"ఎప్పట్నించి వదినా?"

"నిన్నట్నించి. మీ అన్నకి పరీక్ష చేశావటగా, భయం లేదన్నాడు. అందుకే నేనూ పట్టించుకోలేదు."

అన్న గడపలోకి వచ్చాడు. నా చేతిలో రెండు గొట్టాలు చూశాడు.

"ముందు దానికి చెయ్యి," అన్నాడు.

"నీకే ముందు. మొన్న నీది నేను తియ్యనే లేదు." వదినకి వినబడేలాగే అన్నాను.

వదిన నా వంక చూసింది, ఆయన వంక చూసింది. తిట్టినా బాగుండేది.

అన్న స్టూలు లాక్కుని కూర్చుని, తల వెనక్కి వాల్చాడు. పుల్ల లోతుగా పెట్టి తిప్పాను. ఆయన కళ్ళు కారుతున్నాయి.

షెడ్డులో మిగిలిన కోళ్ళు మేత వేళైందని గోల పెడుతున్నాయి. ఎవరూ లేవలేదు.