పట్టు తప్పని తాడు

నేను ఒక తాడును. చేదతాడును కాను, పలుపుతాడును అసలే కాను. మంచు కొండలెక్కే తాడును. లోపల సన్నని పోగులు, పైన గట్టి తొడుగు. పడిపోయే మనిషిని కాస్త సాగి పట్టుకునే గుణం అల్లేటప్పుడే నా ఒంట్లో పెట్టారు.

మనాలి బజారులో ఓ అద్దె కొట్టు నా మెట్టినిల్లు. పీర్ పంజాల్ పర్వతాలు నాకు పెరడు లాంటివి. సోలాంగ్ లోయ మీదుగా ఫ్రెండ్‌షిప్ శిఖరం నాలుగుసార్లు ఎక్కాను. ఎక్కినవాళ్ళంతా జెండాతో ఫొటో దిగారు. నేను ఎప్పుడూ కాళ్ళ దగ్గరే. పేరు వాళ్ళది, బరువు నాది.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. రాతి అంచు మీద ఒరుసుకుంటూ మనిషిని ఆపిన తాడును మళ్ళీ వాడకూడదు. పైకి బాగున్నా లోపల పోగులు తెగి ఉండవచ్చు. అంటే ప్రాణం కాపాడిన రోజే ఉద్యోగం ఊడుతుంది. మనుషుల న్యాయం అలా ఉంటుంది.

ఐదోసారి నన్ను కట్టుకున్నది కిల్లో జమున. పాడేరు దగ్గర జీలుగు చెట్లెక్కి కల్లు గీసే బొంజుబాబు కూతురు. శిఖరం గంట దూరంలో ఉండగా ఆమె కాలికింద మంచు జారింది. రాతి అంచు నన్ను కోస్తున్నా బిగిసి పట్టుకున్నాను. గర్వంగానే చెబుతున్నాను, తడబడలేదు.

గైడ్ తాషీ ఆమెను పైకి లాగి, నన్ను తడిమి, తొడుగుకేం కాలేదు, ఎక్కేద్దాం, కింద ఎవరికీ చెప్పొద్దన్నాడు. వేరే తాడు లేదు. ఆమెకు మళ్ళీ వచ్చే వీలూ లేదు. జమున శిఖరం వైపు చాలాసేపు చూసింది. రేపు ఈ తాడుతో ఎవరు ఎక్కుతారని అడిగింది. కాలేజీ పిల్లలన్నాడు. ఇక ఆమె పైకి చూడలేదు.

మెల్లగా దిగారు. డేరా దగ్గరికి రాగానే కత్తి తీసి నన్ను రెండు ముక్కలు చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకూ వచ్చింది. కోసిన తాడు కొట్టువాడికెందుకు? ఆమెతోనే పాడేరు వచ్చాను.

చెట్టెక్కడానికి ఓ ముక్క ఇమ్మని పక్కింటాయన బొంజుబాబును అడిగాడు. రోజూ చెట్టెక్కే ముందు తన మోకుతాడును కళ్ళకద్దుకునే మనిషి, ఆ రోజు నన్ను అద్దుకున్నాడు.

"ఇది నా బిడ్డని మోసింది. ఇంకెవుల్నీ మొయ్యక్కర్నేదు."

ఇప్పుడు వాకిట్లో దండెంగా ఉన్నాను. మొయ్యక్కర్లేదన్నాడు గానీ, జమున బట్టలు ఆరేసినప్పుడల్లా నేను కాస్త బిగుసుకుంటాను.