సదూ కాకా కళ్ళు గీసిన రోజు

సదానంద మ్హాత్రే వినాయకుడి చెవి వెనక రంగు దిద్దుతున్నాడు. చెవి వెనక ఎవరు చూడొచ్చారని వినాయక విగ్రహాలు చేసే పెణ్ ఊళ్ళో ఏ కార్ఖానాలోనూ అడగరు, ఆయన ముందు అసలే అడగరు. కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టి, నల్లటి పలక మీద ప్లాస్టిక్ కలాన్ని నడుపుతూ, కంప్యూటర్ తెర వైపు మెడ చాచి కూర్చున్నాడు. పొట్టి మనిషి, వంగిన వీపు, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా వదలని పసుపురంగు. తెర మీద ఒకపక్క నిండు విగ్రహం, ఇంకోపక్క దాని ఒంటిరంగంతా నారింజ తొక్క ఒలిచి పరిచినట్టు చదునుగా ఉంది. దాన్ని వాళ్ళు పటం అంటారు. పటం మీద చుక్క పెడితే విగ్రహం మీద పడుతుంది.

ఆ చెయ్యి వణకడం మొదలై ఆరేళ్ళు. అంతకుముందు కార్ఖానాలో కళ్ళన్నీ ఆయనవే. పెణ్‌లో కళ్ళు ఆఖరున గీస్తారు, అందరికన్నా పెద్ద పనివాడి చెయ్యి గీస్తుంది. వణికే చేతికి మాత్రం గరుకు కాగితం ఇచ్చి, విగ్రహాల వీపులు రుద్దమన్నారు. రుద్దాడు.

తర్వాత కార్ఖానా యజమాని కమలాకర్ శేఠ్ కూతురు మృణ్మయి బొంబాయిలో చదివొచ్చి, విగ్రహాన్ని ముందు తెర మీదే మలిచి, రంగులద్ది, ఫొటోలాంటి బొమ్మ తీసి ఉత్సవ మండళ్ళకు చూపించడం మొదలుపెట్టింది. వాళ్ళు ఊఁ అంటేనే మట్టి ముట్టుకోవడం. ఆ యంత్రంలో ఒక సౌకర్యం ఉంది: గీత చేతి వెనకాలే దారం కట్టి లాగినట్టు నింపాదిగా వస్తుంది, వణుకును మింగేస్తుంది. సదానంద అది చూసిన మర్నాడే గరుకు కాగితం అవతల పడేసి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. సిగ్గుపడలేదు.

మధ్యాహ్నం డబ్బా తెరిచాడు. భాకరీ రొట్టె, వంకాయ కూర. అచ్చులు పోసే బబన్ తొంగిచూశాడు.

"ఏం కాకా, ఎండుచేప లేదేంటి? ఇంట్లో వహిని అలిగిందా?"

"ఇవాళ కళ్ళు," అన్నాడు సదానంద.

కళ్ళు గీసే రోజు చేప ముట్టరు. ఈ ఆరేళ్ళలో ఆ డబ్బాలో చేప లేకపోవడం ఇదే మొదలు.

కమలాకర్ శేఠ్ గుమ్మంలోంచే చెప్పాడు. "సదూ, సాయంత్రం ఠాణే మండలివాళ్ళొస్తున్నారు. వాళ్ళకు నచ్చితే ఈ ఏడు పెద్ద విగ్రహాలన్నిటికీ నీ కళ్ళే. నచ్చలేదో, మళ్ళీ గరుకు కాగితమే. ఏమనుకోకు."

"అనుకోడానికేముంది శేఠ్. నచ్చుతాయి."

మృణ్మయి కుర్చీ జరుపుకుంది. నిన్న ఆ పిల్ల సిమెట్రీ మీట తీయడం మర్చిపోయింది. అది ఉంటే ఒకపక్క చేసిందే రెండో పక్కా అద్దంలోలా దానంతటదే వస్తుంది. ఒక దంతం విరిస్తే రెండోదీ విరిగింది. ఏకదంతుడు కాస్తా బోసినోటి తాతయ్యాడు. "మోదకాలు ఎలా నములుతాడే పాపం?" అని కాకా రోజంతా ఏడిపించాడు.

"కళ్ళకి మాత్రం ఆ మీట ఉంచుకో కాకా. ఒక్క కన్ను గీస్తే చాలు. నీ చేతికీ శ్రమ తగ్గుద్ది."

"రెండూ అచ్చం ఒకటే అయితే బొమ్మ చూస్తుందే తప్ప దేవుడు చూడడు. తియ్యి."

"నాన్న చూశాడంటే..."

"మీ నాన్న నాతో మాట్లాడుకుంటాడులే. తియ్యమంటే తియ్యి."

కాళ్ళు కడుక్కొచ్చి కూర్చున్నాడు. కుడికన్ను ఒక్క ఊపిరిలో వచ్చింది. ఎడమకంటి దగ్గర చెయ్యి మరీ ఎగిరింది. యంత్రం దారం కూడా మింగలేనంత వణుకు. రెప్ప కొస వెంట్రుకవాసి అవతలికి పోయింది. మృణ్మయి వేలు చెరిపే మీట మీదికి వెళ్ళింది.

"ఉంచు," అన్నాడు. కొస నుంచి మళ్ళీ మొదలెట్టి, దానికి తగ్గట్టు రెప్పను సాగదీశాడు. "ఇదిగో, ఇప్పుడు చూస్తున్నాడు."

సదానందకు పట్టలేనంత సంతోషమేసింది. తనకు తానే బిగ్గరగా నవ్వుకున్నాడు.

మృణ్మయి దీపాల వెలుగు సర్ది, బొమ్మ తీయమని యంత్రానికి చెప్పింది. మొదట ఇసుక చల్లినట్టు మసకగా పడి, అది మెల్లగా తేటపడుతుంది. "అందాకా కాస్త నడుం వాలుస్తా," అని ఆయన వెనకాల మట్టి బస్తాలకు ఆనుకున్నాడు.

సాయంత్రం ఠాణే మండలి అధ్యక్షుడు ఘోర్పడే ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతూ, బూట్లతోనే లోపలికొచ్చాడు. బొమ్మ తేటపడిన తెర వైపు తిరిగాడు. ఫోన్ చెవి నుంచి దిగింది. వంగి బూట్లు విప్పి, గుమ్మం బయట పెట్టొచ్చాడు. వెంట వచ్చినవాళ్ళూ విప్పారు.

శేఠ్ పకపకా నవ్వాడు. "సదూ! ఒరే సదూ, చూశావురా?"

పలకలేదు. మృణ్మయి వెళ్ళి భుజం తట్టింది. తల పక్కకి ఒరిగి ఉంది. ఒళ్ళో అరచెయ్యి తెరుచుకుని ఉంది. ఆ చెయ్యి వణకడం లేదు. బొమ్మ తేటపడటం ఆయన చూశాడో లేదో ఎవరికీ తెలియదు.

జీవితమంతా ఆయన గీసిన కళ్ళు ఏ ఏటికాయేడు నీళ్ళలో కరిగిపోయాయి. అదే పద్ధతి, ఆయన ఎన్నడూ బాధపడలేదు. ఈ ఏటి వినాయకుడూ ఠాణేలో నీళ్ళలోకి దిగాడు. ఆ విగ్రహానికి ముఖం పటాన్ని నిండు కొలతలో కాగితం మీద అచ్చు తీయించి, గీతల వెంట సూదితో పొడిచి, బొగ్గుపొడి అద్ది, కళ్ళను మట్టి మీదికి దింపినవాడు బబన్. ఆ కాగితం ఇప్పుడు కార్ఖానా గోడన మేకుకు వేలాడుతోంది. కనురెప్పల పొడవునా సన్నటి చిల్లులు, ఎడమకంటి కొసన మాత్రం రెండు ఎక్కువ.