నిఖిల తరఫున

సంతకం లేనిదే గ్రైండరు ఇవ్వనని సుధాకరరావు మూడోసారి చెప్పాడు. కిటికీ అవతల వెల్డరు విసుక్కుంటూ సూపర్‌వైజరును వెతుక్కుంటూ వెళ్ళాడు. పరాయి దేశపు రేవు సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే ఆ యార్డులో పందొమ్మిదేళ్ళుగా పనిముట్ల స్టోరు ఆయనదే. అడిగేది ఎవరైనా సంతకం మాత్రం పెద్దవాళ్ళది ఉండాలి. ఆ ఒక్క నియమాన్ని పట్టుకుని ఇన్నేళ్ళూ ఎవరి చేతా మాట పడలేదు. మెచ్చుకున్నవాళ్ళూ లేరనుకోండి.

సన్నటి మనిషి. చెవి వెనక పెన్ను, గ్రీజు ఇంకి నల్లబడ్డ గోళ్ళు, నిలబడి నిలబడి ఉబ్బిన పాదాలు. భోజనాల వేళ ఆయన పక్కన కూర్చోవాలని ఎవరికీ తోచదు. ఆయన గొప్పగా చెప్పుకోగలిగింది ఒక్కటే. కూతురు నిఖిల ఎనిమిది వందల మీటర్లు రెండు నిమిషాల పదమూడు సెకన్లలో పరుగెత్తుతుంది.

పరుగు చూసి సీటిచ్చే కాలేజీలు అమెరికాలో ఉన్నాయని, అక్కడి కోచ్‌లకు మనమే రాయాలని నిరుడు ఆ పిల్ల ఎక్కడో తెలుసుకుంది. రాయడానికి కూర్చుంటే సుధాకరరావు లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు.

“ముక్కూ మొహం తెలీనోళ్ళకి ఆడపిల్లవి నువ్వు రాయడమేటమ్మా? నేనున్నాను కదా.”

ముప్పైమంది కోచ్‌లకు ఆయనే రాశాడు. గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి, పదో తరగతి మార్కులు, సత్ప్రవర్తన, పెద్దల మాట జవదాటని గుణం, శాకాహారం అన్నీ వివరించి, పరుగు సంగతి రెండో పేజీ చివర పెట్టాడు. పెళ్ళివారికి పంపే బయోడేటాకూ దానికీ తేడా గోత్రం ఒక్కటే.

డిసెంబరులో స్కూలు చదువు అయిపోయింది. ఆరు నెలలుగా నిఖిల రోజూ పొద్దున్నే బుకిట్ బటోక్ స్టేడియంలో ఒంటరిగా పరుగెత్తుతోంది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే “ఎవరైనా రాశారా నాన్నా?” అని అడుగుతుంది. లేదమ్మా అంటాడు. ఈ జూన్ దాటితే మానేస్తానని మొన్న చెప్పింది. ఇవాళ ఇరవై తొమ్మిది.

మధ్యాహ్నం బాసిత్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. హైదరాబాద్ మనిషి, యార్డులో ఇంజనీరు.

“మా పిల్ల జారాకు అమెరికాల సీటొచ్చింది రావు సాబ్. హాకీ కోచే పిలిచింది.”

“ఏటని రాసేరు భాయ్?”

“నేనేం రాస్తా? పిల్లనే రాసింది. ఐదు లైన్లు, ఒక వీడియో. నాయిన రాస్తే ఆళ్ళు పక్కకు పెడ్తరంట. రేపు గ్రౌండ్ల నిలబడేది పిల్లే గదా!”

సుధాకరరావు సగం కొరికిన మిఠాయిని కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

తాను రాసిన ముప్పైమందిలో ఒక కోచ్ ఫిబ్రవరిలో జవాబు రాసింది. రాసిందొక్కతే. మీ అమ్మాయి పరుగు మాకు నచ్చింది, ఆమెనే నాకు రాయమనండి, ఆమె మాట వినాలని ఉంది అని. ఆయన నాలుగుసార్లు చదివాడు. కన్నతండ్రి ఇంత మర్యాదగా రాస్తే పిల్లను ముందుకు తోయమంటుందేమిటని మనసు చివుక్కుమంది. నా మాటే మా అమ్మాయి మాట అని జవాబు పంపాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! మళ్ళీ ఆమె రాయలేదు. ఇంట్లో ఆయన ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. తప్పు నాది, మా అమ్మాయిది కాదు, ఈ రాత్రే తను రాస్తుంది అని ఫోనులో ఆ కోచ్‌కు మూడు వాక్యాలు టైపు చేసి పంపాడు. జీవితంలో ఆయన రాసిన అతి చిన్న ఉత్తరం అదే.

సాయంత్రం రైలు క్రాంజీ దాటుతుండగా జవాబొచ్చింది. అమెరికాలో అప్పుడే తెల్లవారింది. ఈ ఏటి జట్టు మే నెలలోనే నిండిపోయింది, మీ అమ్మాయి ఉత్తరం కోసం చాలా రోజులు చూశాను, క్షమించండి.

దిగాల్సిన స్టేషను దాటిపోయింది. తర్వాతి స్టేషనులో దిగి, ఎదుటి ప్లాట్‌ఫాం మీద వెనక్కి వెళ్ళే రైళ్ళు రెండింటిని వదిలేశాడు. ఆ పిల్ల ముందు నిలబడాలంటే భయం వేసింది.

“ఎవరైనా రాశారా నాన్నా?”

ఈసారి లేదనలేకపోయాడు. ఫోను ఆమె చేతిలో పెట్టాడు. నిఖిల ఫిబ్రవరి ఉత్తరం చదివింది, ఆయన ఇచ్చిన జవాబు చదివింది, ఇవాళ్టిదీ చదివింది. వంటింటి గుమ్మంలో ఆయన భార్య భానుమతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“ఫిబ్రవరిలోనా?” అంది నిఖిల.

“నీ మంచికే అనుకున్నానమ్మా.”

“ఇట్స్ ఓకే లా, నాన్నా,” అంది ఆ ఊరి ఇంగ్లీషు యాసలో.

ఏడిస్తే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆమె ఫోను బల్లమీద పెట్టి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి చేతిలో ఏదో సంచితో కిందికి వెళ్ళి, ఉత్తచేతులతో తిరిగొచ్చి, అన్నం పెట్టమని తల్లిని అడిగింది. రేపు పొద్దున్న ఐదింటికి లేపొద్దని కూడా చెప్పింది.

అందరూ తిన్నాక సుధాకరరావు లిఫ్టులో కిందికి దిగాడు. పోస్టు డబ్బాల పక్క అరుగు మీద, తమకు అక్కర్లేనివి ఎవరైనా తీసుకుపోతారని బ్లాకులో వాళ్ళు వదిలి వెళుతుంటారు. ఒక పాత రైస్ కుక్కరు, రెండు పూలకుండీలు. వాటి పక్కన శుభ్రంగా తుడిచిన పరుగు బూట్లు, లేసులు రెండూ కలిపి ముడివేసి ఉన్నాయి; వాటి కింద గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ: సైజు ఐదు, ఇంకా బాగానే ఉన్నాయి, కావలసినవాళ్ళు తీసుకోండి, ఇట్లు నిఖిల.