తెగిన సర్వీసు

మూడేళ్ళు తెగకుండా పాఠం చెప్పిన టీచర్లకే ఇకనుంచి కాంట్రాక్టు అని కొత్త చట్టం వచ్చింది. మంచిదేగా అనుకుంటాం. ఆ "తెగకుండా" దగ్గరే ఉంది అసలు మెలిక.

కెమిస్ట్రీ మేడమ్ ఆ బడిలో పదకొండేళ్ళుగా చెబుతోంది. ఏటా వేసవి ముందు ఒక్కరోజు ఆమెను ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు మళ్ళీ చేర్చుకునేవాళ్ళు. రేపు పర్మనెంటు చెయ్యమని అడక్కుండా యాజమాన్యం కనిపెట్టిన ఉపాయమది. పోనీ ఆ ఒక్కరోజైనా ఇంట్లో కూర్చోనిచ్చారా? "ల్యాబులో సీసాలు కడిగి సర్దాలమ్మా, నువ్వొస్తే గానీ కాదు" అని హెడ్మాస్టరే కబురంపేవాడు. వెర్రిబాగులది, వెళ్ళేది!

ఇప్పుడు అదే హెడ్మాస్టరు ఆమెను గదిలోకి పిలిచి, "చట్టం ప్రకారం నీ సర్వీసు ఏటా తెగిందమ్మా. కాంట్రాక్టుకు అర్హత లేదు. నా చేతుల్లో ఏముంది?" అన్నాడు.

"తెంపింది ఎవరి చేతులండీ?"

ఆయన ఫ్యాను వైపు చూశాడు.

ఆ చట్టంలోనే ఇంకో ముక్క కూడా ఉంది. ల్యాబు ప్రయోగాల్లో పాసవకపోతే ఆఖరి ఏడాది పిల్లలు బడి గడప దాటినట్టు కాదు. ఆ ప్రయోగాలు చేయించేది బడి మొత్తానికి ఈవిడొక్కతే. అందుకని పెద్దమనిషి ఓ దారి ఆలోచించి పెట్టుకున్నాడు.

"సహాయకురాలిగా ఉండి నువ్వే చెప్పు. టీచరుగా సంతకం ఆటల మాస్టారు పెడతాడు. ఆయన పర్మనెంటు కదా."

"ఆయనకు ఆమ్లానికీ ఆముదానికీ తేడా తెలుసా?"

"పిల్లల భవిష్యత్తమ్మా! నీ మేనకోడలూ ఆ క్లాసులోనే ఉందిగా."

అరికాలి మంట నెత్తికెక్కిందామెకి. ఇన్నేళ్ళూ ఆ పిల్లల పేరు చెప్పే కదా మెడలు వంచారు! "పదండి" అని లేచి, ఆయన్ని వెంటబెట్టుకుని ల్యాబుకు నడిచింది. తను వెళ్ళి పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంది.

"అత్తా, నువ్వు చెప్పవా?" అంది మేనకోడలు.

"చట్టం వద్దంది తల్లీ. నా సర్వీసు తెంపినాయన ఈయనే. ఈయన్నే చెప్పమను." తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగింది. "తెంపిన రోజు కూడా మీరు పిలిస్తేనే వచ్చి ఇక్కడ పనిచేశాను. అవునా కాదా? వీళ్ళ ముందు చెప్పండి."

క్లాసంతా ఆయన్నే చూస్తోంది.

"అవును" అన్నాడు, నోట్లోనే.

"అదే పైవాళ్ళకు రాయండి."

"రాస్తే నా ఉద్యోగం పోతుందమ్మా!"

"పోతే పోనీండి. మర్నాడు మళ్ళీ చేరుదురుగాని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం నల్లగా మాడిపోయింది. బల్ల దగ్గర కూలబడి, తెల్లకాగితం తీసుకుని రాశాడు. సంతకం పెట్టి ఆమెకు చూపించాడు. చాక్‌పీసు అందించాడు.

ఆమె అందుకోలేదు.

"ముందు పంపండి. జవాబు రానివ్వండి."

"అందాకా వీళ్ళకెవరు చెబుతారమ్మా?"

మేనకోడలు అప్పటికే ప్రయోగాల పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తోంది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళిపోదామని ఆమె మనసు లాగింది. అయినా బెంచీ అంచు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చుంది.